గిమ్మీ షెల్టర్: మీటరు ఎత్తు వేదిక, 91 నిమిషాల ఫిల్ము

కాలిఫోర్నియాలో లివర్‌మోర్ గుడికి వెళ్ళొచ్చే తెలుగువాళ్ళకి, ట్రేసీలోనో మౌంటెన్ హౌస్‌లోనో ఇల్లు కొనుక్కుని రోజూ 580 హైవే ఎక్కేవాళ్ళకి ఆల్టమాంట్ కనుమ బాగా తెలుసు. గడ్డి తప్ప చెట్టు కనపడని గుట్టలు, వాటి మీద వరసగా గాలిమరలు. ఆ మరలు 1980ల్లో వచ్చాయి. 1969 డిసెంబరు 6, శనివారం నాటికి అక్కడున్నది గుట్టల మధ్య ఓ కార్ల రేసు మైదానం, చుట్టూ కంచె, పాత టైర్లు. ఆ రోజు అక్కడ దాదాపు మూడు లక్షలమంది పోగయ్యారు. ఇంగ్లీషు రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ డబ్బు తీసుకోకుండా పాడతారని వచ్చారు. ఆ రాత్రి గడిచేసరికి నలుగురు చనిపోయారు. ఒకరిని వేదిక ముందే పొడిచారు. ఇద్దరి మీదికి కారు ఎక్కింది. ఒకరు కాలవలో మునిగిపోయారు.

ఆ రోజునీ, దానికి ముందు పది రోజులనీ ఫిల్ము మీదికి ఎక్కించిన సినిమా ‘గిమ్మీ షెల్టర్’. తీసింది అన్నదమ్ములు ఆల్బర్ట్ మేజల్స్, డేవిడ్ మేజల్స్. వాళ్ళతో సమానంగా దర్శకురాలిగా పేరున్నది ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చున్న షార్లట్ జ్వెరిన్. సరిగ్గా ఏడాదికి, 1970 డిసెంబరు 6న, న్యూయార్క్‌లో విడుదల చేశారు. నిడివి 91 నిమిషాలు.

హిప్పీల యుగం ఆల్టమాంట్‌లో చచ్చిపోయింది అని యాభై ఏళ్ళుగా రాస్తున్నారు. వినడానికి బాగుంటుంది. కానీ ఈ సినిమాని మళ్ళీ మళ్ళీ చూసినవాళ్ళకి అంతకంటే గట్టి విషయం ఒకటి కనిపిస్తుంది. ఆ రోజు జరిగినదానికి కారణాలు చేత్తో తాకగలిగేవి: వేదిక ఎత్తు, నేల వాలు, చేతిలో మిగిలిన గంటలు, ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న ఓ తప్పుడు ఏర్పాటు. కెమెరాలు వాటన్నిటినీ పట్టుకున్నాయి. ఈ సినిమా మీద మా తరం సినిమావాళ్ళకి అంత మమకారం ఉండడానికి కారణం అదే. అది యుగాల గురించి ఉపన్యాసం చెప్పదు. జరిగింది చూపిస్తుంది, అదీ 16 ఎంఎం ఫిల్ముకి సాధ్యమైన మేరకు.

ఆ రెండేళ్ళలో కచేరీ సినిమాల వరస ఒకటి ఉంది. 1967 జూన్‌లో మాంటెరే ఉత్సవం. ఆదివారం మధ్యాహ్నం రవిశంకర్ సితారు, అల్లా రఖా తబలా గంటల తరబడి విని జనం లేచి నిలబడ్డారు. దాన్ని డి.ఎ. పెన్నెబేకర్ తీసిన సినిమా 1968లో వచ్చింది. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్. మైకేల్ వాడ్లీ తీసిన మూడు గంటల సినిమా 1970 వసంతంలో వచ్చి డాక్యుమెంటరీ ఆస్కార్ గెలుచుకుంది. తెరను రెండుగా, మూడుగా చీల్చి చూపే పద్ధతికి అదే పేరు తెచ్చింది. మాంటెరేలో ఎండ, వుడ్‌స్టాక్‌లో వాన, బురద. రెండింటా ముఖాలు వెలిగిపోతుంటాయి. ఆ రెండూ చూసి మూడోదానికి వచ్చిన ప్రేక్షకుడికి ఆల్టమాంట్ చలి ఒంటికి తెలుస్తుంది. ఇక్కడ జనం దుప్పట్లు కప్పుకుని పొద్దున్నుంచీ ఎదురుచూస్తూనే ఉంటారు.

స్టోన్స్ ఉచిత కచేరీ ఆలోచన గాల్లోంచి ఊడిపడలేదు. 1969 జులై 3న ఆ బృందం పాత గిటారిస్టు బ్రయన్ జోన్స్ చనిపోయాడు. 5న లండన్ హైడ్ పార్కులో, మిక్ టేలర్‌ని కొత్తగా చేర్చుకుని, పెద్ద ఉచిత కచేరీ చేశారు. అక్కడ కాపలా కాసిన ఇంగ్లీషు మోటారు సైకిళ్ళ ముఠా ‘హెల్స్ ఏంజెల్స్’ పేరుకి ఏంజెల్స్, పనికి మర్యాదస్తులు. కాలిఫోర్నియా ఏంజెల్స్ వేరే జాతి. ఆ తేడా తెలియకపోవడం ఒక కారణం. నవంబరులో అమెరికా పర్యటన టికెట్ల ధరల మీద పత్రికలు విరుచుకుపడ్డాయి. జనానికి తిరిగి ఏదైనా ఇవ్వాలన్న ఒత్తిడి రెండో కారణం. న్యూయార్క్ విలేఖరుల సమావేశంలో స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ ఈ కచేరీ గురించి చెబుతూ, అమెరికాకి నమూనాగా నిలిచే ఓ చిన్న సమాజాన్ని సృష్టించబోతున్నట్టు మాట్లాడతాడు. సినిమాలో ఆ మాట వచ్చేసరికి చూసేవాడికి చివర ఏం జరుగుతుందో తెలిసే ఉంటుంది.

స్థలం సంగతికి వద్దాం. అసలు కథ అక్కడే ఉంది. మొదట అనుకున్నది శాన్ ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ పార్కు, నగరం ఒప్పుకోలేదు. తర్వాత ఉత్తరాన సియర్స్ పాయింట్ రేసు మైదానం. వేదిక పని అక్కడ మొదలైంది కూడా. దాని యజమానులైన ఫిల్మ్‌వేస్ కంపెనీ డబ్బు, సినిమా పంపిణీ హక్కులు అడగడంతో బేరం చెడింది. ఇక మిగిలినవి రెండు రోజులు కూడా కావు. అప్పుడు ముందుకొచ్చాడు ఆల్టమాంట్ స్పీడ్‌వే యజమాని డిక్ కార్టర్. తన మైదానానికి పేరొస్తుందని ఆశ. శాన్ ఫ్రాన్సిస్కో లాయరు మెల్విన్ బెల్లై ఆఫీసులో ఫోన్ల మీద నడిచిన ఆ బేరసారాలు సినిమాలో దండిగా ఉన్నాయి. ఎన్ని కార్లు పడతాయి, ఎక్కడ నిలుపుతారు, షెరీఫ్ ఏమంటాడు. చాలామంది ఆ భాగాన్ని పాటల మధ్య విరామంలా చూస్తారు. నా దృష్టిలో సినిమాకి వెన్నెముక అదే. మూడు లక్షలమందికి నీళ్ళు, మరుగుదొడ్లు, వైద్యులు, దారి అన్నీ ఆ గదిలో నిర్ణయం కావాలి. కానీ అక్కడి మాటలన్నీ స్థలం దొరికిందా లేదా అన్న ఒక్క చోటే తిరుగుతాయి.

వేదిక రూపకర్త చిప్ మంక్. వుడ్‌స్టాక్‌లో దీపాలు పెట్టినవాడు, మైకులో ప్రకటనలు చేసినవాడు. సియర్స్ పాయింట్ కోసం గీసిన వేదిక ఎత్తు మీటరు లోపే. అక్కడ వేదిక ఎత్తుగడ్డ మీద వస్తుంది, జనం కింద ఉంటారు. కాబట్టి మీటరు చాలు. నేలే మిగతా ఎత్తు ఇస్తుంది. అదే వేదికను రాత్రికి రాత్రి ఊడదీసి ఆల్టమాంట్‌లో నిలబెట్టారు. ఇక్కడ నేల తలకిందులు. వేదిక పల్లంలో, జనం పైన వాలు మీద. ఎత్తు పెంచే వ్యవధి లేదు. ముందు వరసలో నిలబడ్డ మనిషికి వేదిక అంచు నడుము దగ్గరకి వస్తుంది. చెయ్యి ఆనించి ఎక్కేయొచ్చు.

ఇప్పుడు లెక్క చూడండి. వాలు మీద వెనకున్నవాళ్ళకి సరిగా కనపడకపోతే ముందుకి జరుగుతారు. ఒక్కొక్కరు ఒక్క అడుగే జరుగుతారు, కానీ ఆ అడుగులన్నీ కలిసి అడుగున ఉన్నవాళ్ళ మీద పడతాయి. చదరపు మీటరుకి ఐదుగురు దాటాక ఎవరూ తమ ఇష్టప్రకారం కదలలేరు. కదిలేది గుంపే. ముందు వరస మనిషికి వెనక్కి దారి ఉండదు, వేదికే దిక్కు. ఎక్కితే అక్కడున్నవాళ్ళు తోస్తారు. తోస్తే పడడానికి కింద చోటు ఉండదు. ఈ రోజుల్లో పెద్ద కచేరీకి వేదిక మనిషి ఎత్తుకి తగ్గించరు. దాని ముందు రెండు మీటర్ల దాకా ఖాళీ వదిలి, అవతల ఇనప అడ్డు కడతారు. ఆ అడ్డు కింద జనం వైపుకి ఓ పలక సాగి ఉంటుంది. ముందు వరస ఆ పలక మీదే నిలబడుతుంది కాబట్టి వాళ్ళ బరువే అడ్డుని పట్టి ఉంచుతుంది. స్పృహ తప్పినవాళ్ళని ఆ ఖాళీలోకి లాగి పక్కకి తీసుకుపోతారు. ఆల్టమాంట్‌లో ఖాళీ లేదు, అడ్డు లేదు, పలక లేదు. అవి చెయ్యాల్సిన పని మోటారు సైకిళ్ళ ముఠాకి అప్పగించారు.

ఏంజెల్స్‌కి ముట్టింది 500 డాలర్ల బీరు. అది కాపలాకి జీతమా, వేదిక దగ్గర కూర్చోమన్నందుకు మర్యాదా అన్నది ఇప్పటికీ తగవే. కచేరీ మర్నాడు కేఎస్ఏఎన్ రేడియోకి ఫోన్ చేసి ఏంజెల్స్ నాయకుడు సోనీ బార్జర్ తన వాదన వినిపించాడు: మమ్మల్ని వేదిక అంచున కూర్చుని బీరు తాగమన్నారు, మేం పోలీసులం కాం. ఆ గొంతు సినిమా మొదట్లోనే వినిపిస్తుంది. స్టోన్స్ డ్రమ్మరు చార్లీ వాట్స్ తలొంచుకుని వింటాడు. ఇంకో సంగతి కూడా ఆ ఫోన్లో ఉంది: తమ బండ్ల జోలికి వస్తే ఊరుకోమని. బండ్లను జనం మధ్యకి తెచ్చి వేదిక ముందే నిలిపారు. మీటరు ఎత్తు వేదిక, వెనక నుంచి తోపుడు, మధ్యలో బండ్లు. దెబ్బలాట ఎక్కడ మొదలవ్వాలో అక్కడే మొదలైంది.

పగటి పూట సంఘటనలు సినిమా కొంచెమే చూపిస్తుంది. హెలికాప్టర్ దిగి నాలుగడుగులు వేసేసరికి ఎవడో కుర్రాడు జాగర్ మొహం మీద కొడతాడు. ఫ్లయింగ్ బర్రిటో బ్రదర్స్ పాడేటప్పుడు కాసేపు అంతా సర్దుకున్నట్టే ఉంటుంది. జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ పాట మధ్యలో గాయకుడు మార్టీ బాలిన్ గొడవలోకి దిగి, దెబ్బ తిని స్పృహ తప్పుతాడు. పాల్ కాంట్నర్ మైకులోనే ఏంజెల్స్‌ని నిలదీస్తాడు. ఏంజెల్స్‌లో ఒకడు ఇంకో మైకు అందుకుని ఎదురు జవాబిస్తాడు. గ్రేస్ స్లిక్ ఇద్దరినీ చల్లబరచాలని చూస్తుంది. పాడాల్సిన ఇంకో బృందం గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్ళు అప్పుడే వచ్చి దిగుతారు. బాలిన్ సంగతి శాంటానా డ్రమ్మరు మైకేల్ ష్రీవ్ చెబితే విని, జెర్రీ గార్సియా, ఫిల్ లెష్ మొహాలు మారిపోతాయి. ఆ డెడ్ పాడకుండానే వెళ్ళిపోయారు. శాంటానా పాటలు, క్రాస్బీ స్టిల్స్ నాష్ అండ్ యంగ్ పాటలు కచేరీలో ఉన్నాయి, సినిమాలో లేవు. డెడ్ వదిలిన ఖాళీ, దాని మీద స్టోన్స్ రావడంలో జాప్యం, డిసెంబరు కాబట్టి ఐదింటికే చీకటి. చలికి జనం చేతికందింది కాల్చుకుని మంటలు వేశారు.

ఇక కెమెరాల సంగతి. ఈ రోజు ఫోన్‌తో గంటల తరబడి తీసేవాళ్ళకి ఆ పని ఎంత బిగుతైనదో తెలియాలంటే అంకెలు చెప్పాల్సిందే. 16 ఎంఎం ఫిల్ములో అడుగుకి 40 ఫ్రేములు. సెకనుకి 24 ఫ్రేముల వేగంతో నిమిషానికి 36 అడుగులు తింటుంది. 400 అడుగుల మ్యాగజైన్ (కెమెరాకి తగిలించే ఫిల్ము డబ్బా) పదకొండు నిమిషాలు. 100 అడుగుల చుట్ట రెండు నిమిషాల ముప్పావు. అంటే ఒక పాట మొదట్లో బొత్తాం నొక్కితే మూడో పాట మధ్యలో ఫిల్ము అయిపోతుంది. ఎక్లేర్ ఎన్‌పీఆర్ లాంటి కెమెరాకి మ్యాగజైన్లు ముందే ఎక్కించి పెట్టుకుంటే తీసి తగిలించడం సెకన్ల పని, ఎందుకంటే లూపు, అంటే ఫిల్ము తెగకుండా వదులుగా విడిచే వంపు, మ్యాగజైన్‌లోనే ఉంటుంది. అలా లేని కెమెరా అయితే మూత తీసి, ఫిల్ముని పళ్ళ చక్రాల మీదుగా దూర్చి, గేటుకి (ఫిల్ము మీద వెలుగు పడే కిటికీకి) పైనా కిందా లూపులు సరిగ్గా విడిచి, మూత వెయ్యాలి. వెలుగులో నిమిషం పని. తోపులాటలో, చీకట్లో, వేళ్ళు చలికి కొంకర్లు పోతుంటే అది ఎంతసేపో చెప్పలేం.

తప్పేది ఎక్కడ? లూపు చిన్నదైతే ఫిల్ము గేటులో ఆగి ఆగి లాగబడుతుంది. బొమ్మ నిలువునా చారలు పడుతుంది. ఒక పెర్ఫొరేషన్ చిరిగితే చాలు, ఫిల్ము లోపల గుట్టగా మడతలు పడి కెమెరా బిగుసుకుంటుంది. ఆ రోజు కెమెరా పట్టినవాళ్ళలో ఇరవై అయిదేళ్ళ జార్జ్ లూకస్ ఉన్నాడు. సుమారు వంద అడుగులు తీసేసరికి కెమెరా బిగుసుకుపోయిందని ప్రసిద్ధమైన సంగతి. దుమ్ము ఇంకో శత్రువు. గేటులో పడ్డ ఒక్క వెంట్రుక రీలంతా బొమ్మ అంచున ఆడుతూనే ఉంటుంది. అందుకే మ్యాగజైన్ మార్చిన ప్రతిసారీ గేటుని చెక్కపుల్లతో తుడిచి, గాలి ఊదాలి. లోహంతో గీకితే గీత పడి అసలుకే మోసం. చలికి బ్యాటరీలు నీరసపడతాయి కాబట్టి ఒకటి కోటు లోపల ఒంటికి ఆనించి ఉంచుకోవడం వాడుక. డబ్బాల మీద ఏ కెమెరా, ఎన్నో రీలు, ఎంత పుష్ చెయ్యాలి (వెలుతురు చాలని ఫిల్ముని ల్యాబులో ఎక్కువసేపు కడగడం) అన్నది వెంటనే రాయకపోతే, తీసిన ఫిల్ము మళ్ళీ కెమెరాలోకి ఎక్కుతుంది. రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడ్డాక దేవుడు కూడా విడదీయలేడు.

వెలుతురు మరో బాధ. దీపాల వెలుగులో పనికొచ్చే వేగమైన కలర్ రివర్సల్ ఫిల్ము అప్పట్లో 125 ఏఎస్ఏ (ఫిల్ము వేగానికి కొలత, అంకె రెట్టింపైతే సగం వెలుతురు చాలు). ల్యాబులో ఎక్కువసేపు కడిగి ఒక స్టాపు పుష్ చేస్తే 250, రెండు చేస్తే 500. దానికి మూల్యం రేణువు లావెక్కడం, నలుపు బూడిదరంగులోకి పాలిపోవడం. తర్వాత దాన్ని థియేటరు కోసం 35 ఎంఎంకి పెంచాలి. ఫ్రేము వైశాల్యం నాలుగు రెట్లకి పైగా పెరుగుతుంది, రేణువూ అంతే. ఆల్టమాంట్ రాత్రి దృశ్యాల్లో ఎర్రటి వెలుగు, చుట్టూ మసక, మొహాలు సగమే కనపడడం ఇవన్నీ అక్కడ నుంచి వచ్చాయి. దాన్ని శైలి అని పొగిడేవాళ్ళున్నారు. నాకు మాత్రం అది గతిలేక దొరికిన అందమనే అనిపిస్తుంది, అందుకే ఇంకా ఇష్టం. అదే పర్యటనలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ కచేరీలో తీసిన భాగాలు పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ దీపాలు కుదురుగా ఉన్నాయి, రంగులు నిండుగా ఉన్నాయి. ‘లవ్ ఇన్ వెయిన్’ పాటని నెమ్మది కదలికలో, ఎరుపులో చూపగలిగే తీరిక ఉంది.

ధ్వని పద్ధతి మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగు సినిమాలో మాటలు డబ్బింగ్ థియేటర్లో మళ్ళీ చెప్పించుకోవడం వాడుక. మేజల్స్ సోదరుల పద్ధతిలో రెండో టేకు లేదు. ఆల్బర్ట్ భుజం మీద కెమెరా, డేవిడ్ భుజాన నాగ్రా అనే టేపు రికార్డరు. నాగ్రా మూత వేసి ఉంటే అయిదంగుళాల చుట్టే పడుతుంది. సెకనుకి ఏడున్నర అంగుళాల వేగంలో మామూలు మందం టేపు పదహారు నిమిషాలు వస్తుంది. అంటే కెమెరా రీలు కంటే టేపుకి ఆయుష్షు ఎక్కువ. ఫిల్ము మారుస్తున్నప్పుడు కూడా డేవిడ్ ఆపకుండా రికార్డు చెయ్యగలడు. డాక్యుమెంటరీల్లో ఎన్నో మంచి మాటలు బొమ్మ లేకుండా టేపు మీద మాత్రమే దొరికేది ఇందుకే. కెమెరా, టేపు రెండూ క్వార్ట్జ్ నియంత్రణలో ఉంటే మధ్యలో తీగ అక్కర్లేదు. వేగం కలుస్తుంది గానీ మొదలు కలవదు.

మొదలు కలపడమే నరకం. కథా సినిమాలో క్లాప్ బోర్డు ఉంటుంది. ఇక్కడ పదికి పైగా కెమెరాలు, ఎవరు ఎప్పుడు నొక్కారో ఎవరికీ తెలీదు. అప్పుడు వెతికేది డ్రమ్మరుని. చార్లీ వాట్స్ కర్ర స్నేర్ మీద తాకిన ఫ్రేముకి మైనపు పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి, టేపులోని ధ్వనిని ఎక్కించుకున్న మ్యాగ్నెటిక్ ఫిల్ము మీద ఆ దెబ్బ దగ్గర ఇంకో గుర్తు. రెండూ ఎదురెదురు పెట్టి నడిపి చూడాలి. ఒక్క ఫ్రేము అంటే 42 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో శబ్దం పద్నాలుగు మీటర్లు వెళ్తుంది. కాబట్టి వేదికకి ముప్పై మీటర్ల దూరంలో ఉన్న మైకు రెండు ఫ్రేములు ఆలస్యంగా వింటుంది. ఈ సంగతి మరిచి జనంలో రికార్డు చేసిన టేపుతో దగ్గర షాట్‌ని కలిపితే, పెదవులు ముందు, పాట వెనక. చూసేవాడికి ఏం తప్పో తెలియదు, ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది. డ్రమ్మరు కనపడని షాట్లయితే గిటారు మీద చేతి విసురు, చప్పట్లు, చివరికి పెదవుల మీద ‘బ’, ‘ప’ అక్షరాలు ఆధారం. కలిశాక రెండు ఫిల్ముల అంచుల మీదా ఒకే నంబర్లు అచ్చు వేస్తారు. ఇక ఎన్ని ముక్కలు చేసినా మళ్ళీ కలపొచ్చు, ముక్క పోకుండా ఉంటే. పోయేవి ఎప్పుడూ చిన్న ముక్కలే: మూడు ఫ్రేములు, రెండు ఫ్రేములు, బుట్ట అడుగున, చెప్పు కింద.

జ్వెరిన్ గొప్పతనం ఈ గుట్టలోంచి పుట్టింది. మామూలుగా అయితే కచేరీ సినిమా వరసగా సాగాలి: పర్యటన, సన్నాహం, ఆల్టమాంట్, మరణం. అలా చేస్తే మరణం చివర్లో వచ్చే హఠాత్తు మలుపవుతుంది, ఉత్కంఠ కోసం వాడుకున్న శవం అవుతుంది. ఆమె దాన్ని ఎత్తి ముందు పెట్టింది. జాగర్‌ని, వాట్స్‌ని ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టి ఫిల్ము చూపించారు, వాళ్ళు చూస్తుండగా తీశారు. రేడియో ఫోన్లతో మొదట్లోనే చావు కబురు చెప్పేశారు. ఇక ప్రేక్షకుడు ఏం జరుగుతుందో అని చూడడు, ఎలా జరిగిందో అని చూస్తాడు. బెల్లై ఫోను, కార్ల లెక్క, బీరు మాట, అన్నీ సాక్ష్యాలుగా మారతాయి. ఒక్క కూర్పు నిర్ణయంతో మొత్తం సినిమా అర్థం మారిన ఉదాహరణ అడిగితే మొదట చెప్పేది ఇదే. పోస్టర్ల మీద మేజల్స్ పేరు పెద్దగా కనపడుతుంది, జనం నోట జ్వెరిన్ పేరు తక్కువ. ఆ అన్యాయం సరిదిద్దుకోవాలి.

ఆ నిర్మాణంలో నాకు అన్నిటికంటే ప్రియమైనది అలబామాలోని మసల్ షోల్స్ స్టూడియో దృశ్యం. డిసెంబరు 2 నుంచి 4 దాకా అక్కడ మూడు పాటలు రికార్డు చేశారు. ‘వైల్డ్ హార్సెస్’ వాయించిన టేపు తిరిగి వింటున్నారు. ఎవరూ మాట్లాడరు. కెమెరా గిటారిస్టు కీత్ రిచర్డ్స్ పాము చర్మపు బూట్ల మీదికి, తాళం వేస్తున్న కాలి మీదికి దిగుతుంది. పియానో వాయించిన జిమ్ డికిన్సన్ పక్కనే ఉంటాడు. తర్వాత చార్లీ వాట్స్ మొహం మీద ఆగుతుంది, చాలాసేపు. అతను కెమెరాని చూస్తాడు, చూపు తప్పిస్తాడు, మళ్ళీ చూస్తాడు. వినడం అనే పనిని ఇంత బాగా తీసిన దృశ్యాలు అరుదు. ఆల్బర్ట్ మేజల్స్ జూమ్‌ని నెమ్మదిగా, పాట తూగుకి తగ్గట్టు వాడతాడు. ఏ మొహం దగ్గర ఎంతసేపు ఆగాలో ముందే తెలిసినట్టు ఆగుతాడు. రెండు రోజుల తర్వాత అదే మనుషులు ఆ వేదిక మీద ఉంటారని మనకి తెలుసు, వాళ్ళకి తెలీదు.

టీనా టర్నర్ పాట కూడా మరవలేనిదే. మాడిసన్ స్క్వేర్‌లో ‘ఐ హావ్ బీన్ లవింగ్ యూ టూ లాంగ్’ పాడుతుంటే కెమెరా మొహం వదలదు. ఒకే కోణంలో అంతసేపు నిలిచి ఉండడానికి ధైర్యం కావాలి.

రాత్రి భాగంలో స్టోన్స్ వేదికెక్కాక తెర మీద చోటు ఎంత తక్కువుందో చూడండి. వాద్యగాళ్ళ చుట్టూ ఏంజెల్స్, వాళ్ళ మధ్య ఎవరెవరో. ఒక జర్మన్ షెపర్డ్ కుక్క పాట మధ్యలో వేదిక మీద నింపాదిగా నడిచిపోతుంది. మత్తు వికటించిన మనిషి ఒకడు జాగర్‌కి కొన్ని అడుగుల దూరంలో మెలికలు తిరుగుతుంటాడు. ఒక ఏంజెల్ జాగర్‌నే కన్నార్పకుండా చూస్తుంటాడు. ‘సింపథీ ఫర్ ది డెవిల్’ మొదలై ఆగిపోతుంది, మళ్ళీ మొదలవుతుంది. హత్య ఆ పాట సమయంలోనే జరిగిందని ఇప్పటికీ పుస్తకాల్లో కూడా తప్పు రాస్తుంటారు. పాట పేరు కథకి సరిపోతుంది కాబట్టి ఆ తప్పు చావదు. జరిగింది తర్వాత, ‘అండర్ మై థంబ్’ సమయంలో.

చనిపోయిన యువకుడు మెరెడిత్ హంటర్. బర్క్‌లీ వాడు, నల్లజాతివాడు, వయసు 18. లేత ఆకుపచ్చ సూటు వేసుకున్నాడు. ఆ సూటు వల్లే మసక వెలుగులో కూడా అతన్ని గుర్తుపట్టగలం. బేర్డ్ బ్రయంట్ తీసిన షాటులో ఆ కొన్ని సెకన్లు ఉన్నాయి. మామూలు వేగంలో చూస్తే గుంపులో ఒక కదలిక, అంతే. ఎడిటింగ్ బల్ల దగ్గర జాగర్ వెనక్కి తిప్పమంటాడు. డేవిడ్ రీలు తిప్పి, నెమ్మదిగా నడిపి, ఆపుతాడు. హంటర్ చేతిలోని తుపాకీ అతని స్నేహితురాలి తెల్లటి అల్లిక గౌను మీద నల్లగా తేలుతుంది. తర్వాత కత్తి. ప్రొజెక్టరులో ఒక ఫ్రేముని అలా ఆపితే బల్బు వేడికి ఫిల్ము కరుగుతుంది. ఎడిటింగ్ బల్లలో తిరిగే పట్టకం ఉంటుంది, బల్బు వేడి తక్కువ, కాబట్టి ఎంతసేపైనా ఆపొచ్చు. ఆ సాంకేతిక సౌకర్యం లేకపోతే ఈ దృశ్యమే లేదు.

ఆ ఫిల్ముని కోర్టులో జ్యూరీకి చూపించారు. 1971 జనవరిలో నిందితుడైన ఏంజెల్ ఆత్మరక్షణ కింద నిర్దోషిగా బయటపడ్డాడు. తుపాకీ నిజమే. అయినా సినిమా చూసిన ప్రతిసారీ హంటర్ ఆ నిమిషానికి ముందు ఎలా ఉన్నాడు, ఎన్ని దెబ్బలు తిన్నాడు అన్న ప్రశ్న మిగిలిపోతుంది. కెమెరా అతని మీద అంతకుముందు నిలవలేదు. అతని గురించి సినిమా ఇచ్చేది ఆ కొన్ని సెకన్లే, ఇది ఈ గొప్ప సినిమాలో పెద్ద లోటు. వల్లేహోలో అతని సమాధికి చాలా ఏళ్ళు పేరు చెక్కిన రాయి కూడా లేదు.

విమర్శ అప్పుడే వచ్చింది. ‘న్యూయార్కర్’లో పౌలీన్ కేల్, సినిమా కోసమే ఆ సంఘటనని ఏర్పాటు చేసి, తర్వాత తాము కేవలం సాక్షులమన్నట్టు నిలబడ్డారని మేజల్స్ మీద విరుచుకుపడ్డారు. వాళ్ళు గట్టిగా ఖండించారు. కచేరీ సినిమా కోసం పెట్టింది కాదు, అది నిజం. అయితే సియర్స్ పాయింట్ చేజారడంలో సినిమా హక్కుల బేరానికీ పాత్ర ఉంది, ఆ బేరం గురించి సినిమా చెప్పేది తక్కువ. ‘రోలింగ్ స్టోన్’ పత్రిక 1970 జనవరి 21 సంచికలో నిర్వాహకులని పేరుపేరునా నిలదీస్తూ పేజీలకి పేజీలు రాసింది. సినిమాతో పాటు ఆ సంచిక కూడా చదివినవాళ్ళకే బొమ్మ పూర్తవుతుంది.

హంటర్ పడిపోయాక కూడా స్టోన్స్ వాయించారు. ఆపితే జనం ఏమవుతారోనన్న భయం. ‘బ్రౌన్ షుగర్’ జనం ముందు మొదటిసారి వాయించింది ఆ రాత్రే. సినిమాలో అది లేదు. సినిమా త్వరగా ‘స్ట్రీట్ ఫైటింగ్ మేన్’కి, కిక్కిరిసిన హెలికాప్టరుకి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఎడిటింగ్ గది. జాగర్ లేచి వెళ్తుంటే మొహం మీద ఫ్రేము ఆగిపోతుంది. దాని తర్వాత గుట్టల మీదుగా నడిచే జనం, పేరు పాట. ఆ పాటలో మెర్రీ క్లేటన్ గొంతు పై స్థాయిలో చీలే చోటు రికార్డులో స్పష్టంగా ఉంది.

చూడాలనుకునేవాళ్ళకి: క్రైటీరియన్ సంస్థ 2000లో తెచ్చిన పునరుద్ధరించిన ప్రతి వెతకండి. అందులో మర్నాటి కేఎస్ఏఎన్ రేడియో కార్యక్రమం భాగాలు కూడా ఉన్నాయి. ఫోన్లో సామాన్య శ్రోతలు తాము నిలబడ్డ చోటు నుంచి ఏం కనపడిందో చెబుతారు. గుట్ట పైన ఉన్నవాళ్ళలో చాలామందికి హత్య సంగతే తెలీదు, రోజంతా బాగానే గడిచిందంటారు. ముందు సినిమా మొత్తం ఒక్క బిగిన చూడండి, తర్వాత ఆ రేడియో వినండి. మూడోసారి బెల్లై ఆఫీసు దృశ్యాలు మాత్రం చూడండి, చేతిలో కాగితం పెట్టుకుని, ఎవరు ఏ బాధ్యత తీసుకున్నారో రాసుకుంటూ.